చదవకుండా వదిలేసిన మాట

"నా ఉత్తరం నాకిచ్చెయ్యండి."

ఈ ఒక్క మాటను ఆమె మూడంతస్తుల మెట్లెక్కుతూ పదకొండుసార్లు అనుకుంది. ధీమాగా అనాలనుకుంది. తీరా తలుపు తెరుచుకునేసరికి గొంతు పీలగా, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు వచ్చింది.

తలుపు తీసిన మనిషి చేతిలో సగం కొరికిన ఆపిల్ పండు ఉంది. మెడలో హెడ్‌ఫోన్స్ వేలాడుతున్నాయి.

"ఏ ఉత్తరమండీ?"

"మీ పాడ్‌కాస్ట్‌కి రాసింది. ఐదు నెలలైంది. మీరింకా చదవలేదు. చదవొద్దు కూడా. ఇచ్చెయ్యండి, వెళ్ళిపోతాను."

"తప్పకుండా. మీ పేరు?"

"పేరు రాయలేదు."

"పోనీ అందులో ఏం రాశారో రెండు ముక్కలు చెప్పండి, వెతికి ఇస్తాను."

"చెప్పలేను."

అతను నమలడం ఆపాడు. "పేరు లేదు. సంగతి చెప్పరు. ఉత్తరం మాత్రం కావాలి. మొన్న ఒకాయన కూడా ఇలాగే వచ్చాడండీ. వాళ్ళావిడ రాసిన ఉత్తరం తనదేనని పట్టుబట్టి కూర్చున్నాడు. ఆయన్ని మెట్లు దింపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

"నేను ఎవరి మొగుణ్ణీ కాను!"

"అది తెలుస్తూనే ఉంది," అని నవ్వాడు.

ఎడమ వైపు కోరపన్ను పక్క పన్ను మీదికి కొంచెం ఒరిగి ఉంది. చూడకూడదనుకుంటూనే చూసింది. ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఎదుటి మనిషి నవ్వినా ఏడ్చినా ఆమెకు ముందు పళ్ళే కనిపిస్తాయి. అందుకే ఇంట్లో వదిన ఆమెను పళ్ళమ్మాయీ అని పిలుస్తుంది.

అసలు ఈ భయమంతా ఆ వదిన గురించే.

'చెప్పుకుంటే తీరుతుంది' అనే ఆ పాడ్‌కాస్ట్‌ను ఆరేళ్ళు నడిపినావిడను వినేవాళ్ళంతా పెద్దమ్మ అనేవారు. కాగితం మీద రాసి పోస్టులో పంపిన ఉత్తరాలే ఆవిడ తీసుకునేది. ముందుగా ఒక్కటీ చదివేది కాదు. మైకు ముందు కూర్చుని, సంచీలో చెయ్యి పెట్టి, చేతికందిన కవరు అక్కడే చించేది. "ఇదిగో తల్లీ, విప్పుతున్నా" అనేది. ఆ చర్రుమన్న చప్పుడు వింటే పళ్ళమ్మాయికి సగం దిగులు తీరిపోయేది. ల్యాబ్‌లో మైనం కరిగిస్తూ, పళ్ళు వరసలో పేరుస్తూ ఒక్కో ఎపిసోడ్‌ను నాలుగేసి సార్లు వింది.

రెండు నెలల కిందట ఒక ఆదివారం "నా దగ్గర మాటలైపోయాయర్రా" అని చెప్పి పెద్దమ్మ సెలవు తీసుకుంది. తరవాతి ఆదివారం నుంచి ఈ కొత్తాయన గొంతు. వెనకాల డప్పుల మ్యూజిక్. బస్సు కదిలిపోతోందన్నట్టు మాటలు. కష్టం చెప్పుకున్న మనిషికి జవాబుగా జోకు. పళ్ళమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. ఆరేళ్ళుగా కూర్చున్న కుర్చీని ఎవరో కింద నుంచి లాగేసినట్టయింది. ఆ కోపంలోనే సంతకం లేకుండా ఒక కాగితం టైపు చేసి పంపింది కూడా.

అయినా జోకులు భరించవచ్చు. భరించలేనిది ఇంకొకటి ఉంది. ఈయన ఉత్తరాలను ఉన్నవి ఉన్నట్టు చదివేస్తున్నాడు.

పెద్దమ్మ అలా చదివేది కాదు. ఆ సంగతి లోకంలో బహుశా పళ్ళమ్మాయి ఒక్కతికే తెలుసు. రెండేళ్ళ కిందట ఆమె రాసిన మొదటి ఉత్తరంలో పళ్ళ ల్యాబ్ అని ఉంటే పెద్దమ్మ పూల కొట్టు అని చదివింది. సూపర్‌వైజరును మేనత్తను చేసింది. ఎవరి ఉత్తరమో అనుకుని వింటూ ఉంటే మధ్యలో తన బాధ తనకే ఎదురొచ్చింది. తడబడకుండా, చదువుతూ చదువుతూనే ఆవిడ మనుషుల్ని మార్చేసేది. రాసినవాళ్ళు తప్ప ఇంకెవరూ పోల్చుకోలేరు.

ఆ ధైర్యంతోనే ఐదు నెలల కిందట ఆమె రెండో ఉత్తరం రాసింది.

ఇంట్లో ముగ్గురు. అన్నయ్య రోడ్లు కొలిచే పని మీద నెలలో ఇరవై రోజులు బయటే ఉంటాడు. మిగిలేది వదినా, తనూ. అమ్మ పోయిన మూడో నెలలో ఒక సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చేసరికి అమ్మ బీరువా ఖాళీగా ఉంది. బట్టలు, చేతిసంచీ, దుప్పట్లు అన్నీ వదిన ఎవరికో ఇచ్చేసింది. ఒక్క మాట అడగలేదు. "చూసినప్పుడల్లా నువ్వు ఏడుస్తున్నావనీ..." అని ఏదో చెప్పబోయింది. పళ్ళమ్మాయి వినిపించుకోలేదు. మర్నాడు ల్యాబ్‌లో, ఒళ్ళు కాలిపోతూ ఉండగా, నాలుగు పేజీలు రాసి పోస్టులో పడేసింది. అందులో ఒక వాక్యం ఉంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా పిల్లల్లేక, టెస్టులంటూ తిరిగి తిరిగి, ఏడుపు వినబడకుండా బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకునే మనిషి గురించి ఎవరూ రాయకూడని వాక్యం.

ఆ సాయంత్రమే ఆమెకు స్పృహ తప్పింది. టైఫాయిడ్ అన్నారు. ఆస్పత్రిలో పన్నెండు రోజులు ఎప్పుడు కళ్ళు తెరిచినా పక్క కుర్చీలో వదినే. చెంచాతో నీళ్ళు తాగించింది, చిక్కుపడ్డ జుట్టును ఓపికగా విడదీసింది. ఇంటికొచ్చాక ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉండలేనట్టు అయిపోయారు.

ఆ వదిన ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఇస్త్రీ బల్ల ముందు నిలబడి, ఫోన్ సౌండ్ పూర్తిగా పెంచి, ఈ పాడ్‌కాస్టే వింటుంది. ఆ వాక్యం ఏదో ఒక ఆదివారం ఆవిడ చెవిన పడుతుంది.

"సరే, ఒక పని చేద్దాం," అన్నాడు కొత్తాయన తలుపు దగ్గర. "శనివారం మధ్యాహ్నాలు రికార్డింగ్‌కి ముందు రండి. సంచులు మీ ముందు పెడతాను. కవర్లు పైపైన చూసుకోండి. మీది దొరికితే దాని మీదున్న అడ్రసు నా ముందు ఇంకోసారి రాయాలి. చేతిరాత కలిస్తే తీసుకెళ్ళండి. కలవకపోతే మెట్లు అటున్నాయి."

"ఈలోగా మీరు అదే తీసి చదివేస్తే?"

"చెయ్యి పెట్టి తీస్తాను కదండీ. ఏదొస్తుందో నాకూ తెలీదు."

"మొత్తం ఎన్నుంటాయి?"

"మూడు సంచులు."

ఆమె గోడ పట్టుకుంది.

స్టూడియో అంటే ఒకటే గది. మధ్యలో అద్దం పెట్టి రెండు చేశారు. అవతల మైకు, ఇవతల రికార్డింగ్ యంత్రాలు, కిటికీ, చలికి ముడుచుకున్నట్టున్న ఒక సోఫా. మొదటి శనివారం పళ్ళమ్మాయి నేల మీద కూర్చుని కవర్లు తిరగేసింది. తెల్ల కవరు, ఆకుపచ్చ ఇంకు. ఎప్పుడూ అలాగే రాస్తుంది. తెల్లవి రాగానే గుండె ఆగుతోంది, నీలం ఇంకు చూసి మళ్ళీ కొట్టుకుంటోంది.

తల ఎత్తితే అద్దానికి అంటించిన కాగితం కనబడింది. టైపు చేసిన కాగితం. తనదే.

"అదేంటి?" అంది, ఏమీ తెలియనట్టు.

"అదా? మా గురువుగారు," అని అతను గొంతు సవరించుకుని చదివాడు. "'అయ్యా, పెద్దమ్మ కవరు చించితే భయం పోయేది. మీరు చించితే భయం పుడుతోంది. మీ మాటలు వింటుంటే బస్సు తప్పిపోతుందేమోనని కంగారుగా ఉంది. దయచేసి వేరే ఉద్యోగం చూసుకోండి.' ఎలా ఉంది?"

"చింపెయ్యొచ్చుగా!"

"ఎందుకండీ? రాసింది నిజమే. బస్సు సంగతి అర్థమైంది. మ్యూజిక్ తీసేశాను, స్పీడు తగ్గించాను. భయమెందుకో మాత్రం అర్థం కాలేదు. ఆరేళ్ళూ నేను ఈ అద్దం ఇవతల కూర్చుని సౌండ్ చూసుకున్నవాణ్ణి. పెద్దమ్మ వెళుతూ వెళుతూ నాకు చెప్పింది ఒక్కటే, 'ముందే చదవకు, మైకు ముందే చించు' అని. అక్షరం పొల్లుపోకుండా చదువుతున్నాను. ఇంకేం చెయ్యాలి?"

అక్షరం పొల్లుపోకుండా చదవడమే కొంప ముంచుతోందని చెప్పాల్సింది. చెబితే అది నీకెలా తెలుసంటాడు. పళ్ళమ్మాయి కవర్ల గుట్టలో తల దూర్చేసింది.

మర్నాడు ఎనిమిదింటికి ఫోన్లో చర్రుమంది. చేతిలో గ్లాసు జారింది.

"ఏంటే ఆ ఉలికిపాటు? నెల రోజులుగా చూస్తున్నాను, ఆదివారమొస్తే చాలు, దెయ్యం పట్టినట్టు తిరుగుతావు," అంది వదిన.

"నిద్ర చాల్లేదు వదినా."

ఉత్తరం ఎవరో తోటమాలిది. ఆ వారానికి బతికిపోయింది.

రెండో శనివారం వాన. గొడుగు మడుస్తూ లోపలికి వస్తే కొత్తాయన సోఫాలో తల పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఒక చిన్న కాగితం.

"పోయిన నెల చెప్పుల షాపులో పనిచేసే అమ్మాయి ఉత్తరం చదివాను, గుర్తుందా?" అన్నాడు. "షాపు ముందు ఎర్ర పరదా, ఓనరు నత్తి, అన్నీ చదివేశాను. ఓనరు విన్నాడట. మర్నాడే పనిలోంచి తీసేశాడు. 'మీరు నాకు సలహా ఇవ్వకపోతేనే బాగుండేది' అని రాసింది." అతను ఆ కాగితాన్ని బోర్లా తిప్పాడు. "ఇంక నేను చించలేనండీ. కవరు చూస్తే భయమేస్తోంది."

తనలాగే ఇంకొకరికి ఆ కవర్లంటే భయమని తెలిసేసరికి పళ్ళమ్మాయికి జాలేసింది. ఆ చెప్పుల షాపు అమ్మాయి పని పోవడంలో తన మౌనానికీ వాటా ఉందని సిగ్గూ వేసింది. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. పూల కొట్టు సంగతి, మేనత్త సంగతి, పెద్దమ్మ చదువుతూ చదువుతూనే మార్చేసే సంగతి.

అతను నోరు తెరుచుకుని విన్నాడు. "ఆరేళ్ళు! ఆరేళ్ళు ఈ అద్దం ఇవతల కూర్చుని, ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఆవిడ కూడా చెప్పలేదు చూడండి."

"ఆవిడకి అది చెప్పాల్సిన విషయంలా అనిపించి ఉండదు. ఊపిరి తీసుకోమని ఎవరైనా చెప్తారా?"

"మీరు ముందే చెప్పొచ్చుగా!"

"భయమేసింది. ఇంకోటి కూడా చెప్పాలి." ఆమె అద్దం వైపు చూపించింది. "ఆ గురువుగారు నేనే."

అతను ఆ కాగితాన్ని చూశాడు, ఆమెను చూశాడు. మళ్ళీ కాగితాన్ని చూశాడు. "వేరే ఉద్యోగం చూసుకోమన్నారు."

"అన్నాను."

"ఇప్పుడో?"

"ఇప్పుడు వద్దులెండి," అంది నేల చూపులు చూస్తూ.

బయట వాన జోరందుకుంది. వీధి గేటు దాకా గొడుగు పట్టుకొచ్చాడు. గొడుగు ఆమెదే. ఆ మాట ఇద్దరికీ గుర్తు రాలేదు. అతను తడుస్తూ పైకి వెళ్ళాడు.

మూడో శనివారం సాధన. ఆమె నోటికొచ్చిన కష్టం చెప్పాలి, అతను అక్కడికక్కడే మార్చి చెప్పాలి.

"ల్యాబ్‌లో నా పక్క మనిషి నా పని తనదని చెప్పుకుంటోంది," అంది.

"నాటకంలో నా పక్క వేషగాడు నా డైలాగులు చెప్పేస్తున్నాడు."

"ఫరవాలేదు. పళ్ళ డాక్టరు నన్ను కసురుకున్నాడు."

"ఏనుగుల డాక్టరు..."

"ఏనుగులెందుకొచ్చాయి మధ్యలో!"

ఇద్దరూ నవ్వారు. చాలా రోజుల తరవాత అంత నవ్వింది. నవ్వు ఆగాక లోపల కొత్త భయమొకటి మొలిచింది. ఇన్నాళ్ళూ వదిన వింటుందని ఒక్క భయమే. ఇప్పుడు ఆ ఉత్తరం ఇతను కూడా చదువుతాడు. చదివితే తను ఎలాంటి మనిషో తెలిసిపోతుంది. ఆ తరవాత ఈ నవ్వు ఉండదు. ఇంటికెళ్ళేదాకా ఆ ఆలోచన వదల్లేదు.

నాలుగో శనివారానికి మూడు సంచులూ వెతకడం అయిపోయింది. ఆకుపచ్చ ఇంకు ఎక్కడా లేదు.

"పోస్టులోనే పోయుంటుంది," అన్నాడు అతను. అంటున్నప్పుడు సంతోషంగా ఉన్నాడో దిగులుగా ఉన్నాడో తేలలేదు. "ఇవాళ రికార్డింగ్ చూసి వెళ్ళండి. నా పాత కుర్చీలో కూర్చోండి."

పళ్ళమ్మాయి అద్దం ఇవతల కూర్చుంది. ఎర్ర లైటు వెలిగింది. అతను సంచీలో చెయ్యి పెట్టి ఒక కవరు పైకి తీశాడు. గోధుమరంగు కవరు. మూలన అచ్చు వేసిన చిన్న పన్ను బొమ్మ. అడ్రసు మెషీన్ మీద కొట్టిన స్టిక్కరు.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు రాసింది ఇంట్లో కాదు, ల్యాబ్‌లో. జ్వరంలో చేతికందిన ల్యాబ్ కవరులోనే పెట్టి, అక్కడి మెషీన్ మీదే అడ్రసు కొట్టి అంటించేసింది. నాలుగు వారాలుగా గోధుమరంగు కవర్లన్నీ తన చేతుల్తోనే పక్కకు తోసేసింది.

అతనూ ఆ పన్ను బొమ్మ చూశాడు. తలెత్తి అద్దంలోంచి ఆమెను చూశాడు. లేచి అద్దం మీద కొట్టాలి, ఆపమని అరవాలి. చెయ్యి లేవలేదు.

చర్రుమంది.

అతను మొదటి పేజీ చూసి ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. చదవడం మొదలుపెట్టాడు. "నేను రొట్టెల బట్టీలో పనిచేస్తాను. నాతో పాటు గదిలో ఒక స్నేహితురాలు ఉంటుంది. దూరమైపోయిన మా చెల్లెలి పుస్తకాలు నా దగ్గర దాచుకున్నాను. ఒక రోజు వచ్చి చూస్తే అల్మారా ఖాళీ..."

ఎక్కడా తడబడలేదు. మూడో పేజీ దాకా అలాగే నడిచింది. నాలుగో పేజీ మధ్యలో గొంతు ఆగిపోయింది. అతని కళ్ళు ఒకే చోట నిలబడిపోయాయి. పళ్ళమ్మాయి మొహం చేతుల్లో దాచుకుంది.

"ఇక్కడ ఒక మాట ఉంది," అన్నాడు మైకులో. "నేను చదవను. ఒళ్ళు కాలిపోతోందని రాసినావిడే పైన రాసింది. జ్వరంలో అన్న మాట. అమ్మా, ఈ మాట నా నోటి నుంచి వెళితే చాడీ అవుతుంది. మీరే వెళ్ళి ఆవిడకి చెప్పండి. భయమేస్తుంది. నాకైతే మీ బదులు ఇప్పుడే వేస్తోంది. అయినా చెప్పండి. చెప్పకపోతే ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడుతూ బతకాలి."

ఎర్ర లైటు ఆరింది. అతను బయటికొచ్చి కవరు ఆమె చేతిలో పెట్టాడు. చేతిరాత పరీక్ష ఊసే ఎత్తలేదు.

"వద్దంటే ఈ ఎపిసోడ్ ఇప్పుడే చెరిపేస్తాను."

"చదివారుగా," అంది, కళ్ళెత్తకుండా. "నేనెలాంటిదాన్నో తెలిసిపోయిందిగా."

"తెలిసింది. అంత జ్వరంలో నాలుగు పేజీలు రాశారు. ఒక్క కొట్టివేత లేదు."

ఏడుస్తూనే నవ్వొచ్చింది. అతను మాత్రం నవ్వలేదు.

"నిజం చెప్పనా? నాలుగు శనివారాలుగా ఇది దొరక్కూడదనే కోరుకున్నాను. దొరికితే మీరు ఇంక రారుగా. ఇప్పుడు దొరికింది. వచ్చే శనివారం నా గతేంటో నాకు తెలీదు."

అడగాల్సిన తీరులో కాకపోయినా అడిగాడు. ఆమెకు అర్థమైంది. కవరును సంచీలో పెట్టుకుంది.

"చెరపొద్దు," అంది. "రేపు మా వదినతో మాట్లాడతాను. ఆవిడ మొహం చాటేస్తే నాకు ఏ శనివారమూ ఉండదు. ఉంటే, నేనే ఫోన్ చేస్తాను."

ఆదివారం ఎనిమిదింటికి వదిన ఇస్త్రీ పెట్టె వేడెక్కించి ఫోన్ ఆన్ చేసింది. రొట్టెల బట్టీ అమ్మాయి, స్నేహితురాలు, పుస్తకాలు. వదిన అన్నయ్య చొక్కా కాలరు తిప్పుతూ వింది.

"పాపం, ఆ పిల్ల మంచికే ఇచ్చేసి ఉంటుంది. అడగాల్సిందనుకో," అంది. "కొత్తాయన బాగుపడ్డాడే! పెద్దమ్మ గుర్తొచ్చింది ఇవాళ. ఇంతకీ ఆ చదవని మాట ఏంటో."

ఊరుకుంటే గడిచిపోతుంది. కవరు తన సంచీలోనే ఉంది. ముక్కలు చేసి పారేస్తే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే పళ్ళమ్మాయికి ఇంకా భయమేసింది.

"వదినా, ఆ పెట్టె ఆపు."

"ఏమైంది?"

"అది రొట్టెల బట్టీ కాదు. పళ్ళ ల్యాబ్. పుస్తకాలు కాదు, అమ్మ బట్టలు. ఆ ఉత్తరం నేను రాసిందే."

వదిన చెయ్యి చొక్కా మీద ఆగిపోయింది. ఆవిడ మొహంలో ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. ప్లగ్గు పీకేసింది. "ఆ మాట ఏంటి?"

"వదినా..."

"చెప్పు."

"'ఈవిడకి పిల్లలు పుట్టకపోవడమే మంచిదయింది' అని రాశాను."

వదిన ఆ చొక్కాను బల్ల మీదే వదిలేసింది. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. కుళాయి తిప్పిన చప్పుడైంది.

ఆ చప్పుడు వింటూ నిలబడటం పళ్ళమ్మాయి వల్ల కాలేదు. చేతులకు పని లేకపోతే కూలిపోయేలా ఉంది. మళ్ళీ ప్లగ్గు పెట్టి, కనిపించిన బట్టల్లా ఇస్త్రీ చేసింది. ఏం చేస్తోందో తెలియకుండానే చేసింది. వదిన వెళ్ళిపోతుందేమో. ఉండి కూడా మాట్లాడదేమో. ముప్పావుగంట గడిచాక తలుపు తెరుచుకుంది. వదిన కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చొక్కా చేతికి మూడు మడతలు పెట్టావు," అంది బొంగురు గొంతుతో.

"నన్ను క్షమించు వదినా. నాకు..."

"ఉండు. నన్ను చెప్పనీ. నొప్పిగా ఉంది. ఇంకొన్నాళ్ళు ఉంటుంది. ఎందుకు చెప్పావే నాకు అని లోపల కూర్చుని తిట్టుకున్నాను. ఆ తరవాత అనిపించింది, ఈ పిచ్చిది ఇన్నాళ్ళూ దీన్ని మింగలేక కక్కలేక నా ఎదుటే తిరిగిందా అని." ఇస్త్రీ పెట్టె ఆమె చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. "మీ అమ్మ బట్టలు నేను నిన్ను అడక్కుండా ఇవ్వడం తప్పే. అది నేనూ ఇంతవరకూ నీతో అనలేదు."

పళ్ళమ్మాయి వదినను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. వదిన మొదట కదలకుండా నిలబడింది. తరవాత మెల్లిగా వీపు మీద చెయ్యి వేసింది.

"ఆ కొత్తాయన నీకు తెలుసా?" అంది కాసేపటికి.

"ఊ."

"పెళ్ళయిందా?"

"వదినా!"

"అడిగినదానికి చెప్పు."

"కాలేదు."

"వచ్చే ఆదివారం భోజనానికి రమ్మను. నోటి దాకా వచ్చిన మాటని ఆపుకోగల మనిషి ఈ ఇంటికి ఒకడు కావాలి. మనిద్దరికీ చేతకావడం లేదు."

పళ్ళమ్మాయి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"చెప్పారా? ఏమన్నారు? ఏడుస్తున్నారా?"

"చెప్పాను. వచ్చే ఆదివారం నిన్ను భోజనానికి రమ్మంటోంది."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"నాకు చాలా భయంగా ఉంది," అన్నాడు అతను.

"ఉండనీ," అందామె. "వచ్చెయ్."